సంగటి మానేసి పరుగెత్తిన రోజులు

ఆ రోజుల్లో నాకు ఇరవై ఒక్కేళ్లు. తెలివి మాత్రం ఇంకా అన్నేళ్లకు చేరలేదు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసమని మర్రిపాడు పక్క పల్లె నుంచి ఆత్మకూరు వచ్చి, గది తీసుకుని, తెల్లారేసరికి మైదానంలో పరుగు సాధన చేసేదాన్ని. పదహారు వందల మీటర్లకు నాకు అరనిమిషం ఎక్కువ పట్టేది. ఒంట్లో బరువు తగ్గిస్తే ఆ అరనిమిషం దానంతటదే తగ్గుతుందని నాకు నేనే తీర్మానించుకున్నాను. (లోడు దించిన లారీ వేగంగా పోదా అనేది నా సైన్సు. లారీకి డీజిలు కూడా పోయాలన్న సంగతి తట్టలేదు.) ఇక పొద్దున టీ, మధ్యాహ్నం రెండు దోసకాయలు, సాయంత్రం ఒక చపాతీ. మేకలు కాసే మా అవ్వ బస్సులో పంపే రాగిపిండి, వేరుశనగ ఉండలు, నాటుకోడి గుడ్లు అన్నీ నా గదిలోనే ఉండే ఉదయగిరి అమ్మాయికి అప్పగించేదాన్ని. వాళ్లింట్లో చెక్క గరిటెలు చెక్కుతారు కాబట్టి ఆమెను అందరం గరిటక్క అనేవాళ్లం. ఆమెదీ అదే పరీక్ష.

"నువ్వు తినకుండా ఎట్ట ఉరుకుతావు మే?" అనేది, ఉండ నములుతూనే.

"నువ్వు తినక్కా. నీకు ఒళ్లొస్తే నాకు ఒక పోటీ తగ్గుతుంది," అనేదాన్ని.

రెండు వారాలు ఒళ్లు దూదిలా తేలింది. మూడో వారం మోకాలి కింద ఎముక పట్టుకుని లాగడం మొదలైంది. గుడ్డ బిగించి అలాగే మూడు నెలలు పరుగెత్తాను. పరీక్ష పన్నెండు రోజుల్లో ఉందనగా, మైదానం మలుపులో కాలు మోపలేక అక్కడే కూలబడ్డాను. గరిటక్క నన్ను వీపున వేసుకుని ఆటోదాకా మోసింది. ఆయాసం కూడా రాలేదు ఆమెకు. (అదంతా మా కోళ్ల చలవేనని అంత నొప్పిలోనూ తెలుస్తూనే ఉంది.)

డాక్టరమ్మ స్కానింగ్ చూసి, "ఎముకలో సన్న పగులు. పరుగు పెంచి తిండి తగ్గించినావు. రోజూ అరిగేదాన్ని ఒళ్లు దేంతో పూడ్చుకోవాలమ్మా? నెలసరి వస్తా ఉండాదా?" అని అడిగింది. మూడు నెలలుగా రాలేదు. సాధనకు అడ్డం తప్పిందని అప్పటిదాకా సంతోషించాను. ఆ మాట ఆమెతో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

విషయం తెలిసి అవ్వ దిగింది. "మేక కాలిరిగితే కట్టు కట్టి, ఆకు తెచ్చి నోటికాడ పెడతాను. అది తింటాది. నీకేం వచ్చిందే?" అని, సమాధానం కోసం చూడకుండా సంగటి ముద్ద నోట్లో పెట్టింది. రెండు నెలలు అదే వరస: పాలు, గుడ్లు, పప్పు, సోమశిల చేపల పులుసు, మంచం. ఆ మంచం మీద ఉండగానే గరిటక్క పాసైందని ఫోను వచ్చింది. "నువ్వు పెట్టిందే తిని పాసైనా మే," అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఒకే కారణానికి ఏడవలేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

తర్వాతి నోటిఫికేషన్ వచ్చేసరికి కడుపునిండా తిని పరుగెత్తాను. నాలుగు సెకన్లు మిగిలాయి. ఇప్పుడు ఖాకీ నడుము దగ్గర కాస్త బిగుతైంది. రెండుసార్లు కుట్లు విప్పించాను. పాత ఫొటోలో మెడ ఎముకలు లెక్కపెట్టుకుంటూ గర్వంగా నవ్వే ఆ పిల్లను చూస్తే కోపం రాదు. ఎదురుపడితే కూర్చోబెట్టి కంచంలో అన్నం పెట్టి, అది తినేదాకా ఎదురుగా కూర్చోవాలనిపిస్తుంది. తినదని తెలుసు. అయినా సరే.