నూకాలు పట్టిన పాలు

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకైతే ఇది చెప్పలేను. కడుపుకోతలో ఉన్న ఒక తల్లి మీద నా తప్పు రుద్దాను. ముప్పై ఏళ్ళుగా మోస్తున్నాను. ఇక నావల్ల కాదు, కక్కేస్తాను.

యుద్ధం రోజులు. అనకాపల్లిలో కొత్తగా ప్రాక్టీసు పెట్టాను. డాక్టరునన్న పొగరు నెత్తికెక్కి ఉంది. బెల్లం వండే కాలంలో ఒక ఉదయం తుమ్మపాల అవతల నుంచి ఒక ముసలమ్మ, ఆమె కోడలు ఎడ్లబండి దిగారు. కోడలి ఒళ్ళో ఐదు నెలల మగబిడ్డ. ఇద్దరి చీరలూ పాకం వాసన. కోడలి పేరు నూకాలు అని రాస్తాను. మా వైపు ఇంటికొక నూకాలు ఉంటుంది, ఎవరూ పోల్చుకోలేరు. చూశారా, ఇప్పటికీ నా జాగ్రత్త నాదే!

బిడ్డకి పుట్టినప్పటి నుంచీ ఊపిరి తీస్తే గురక. పాలు తాగుతూ ఉక్కిరిబిక్కిరి అవుతాడు. తల ఎప్పుడూ వెనక్కి విరుచుకునే ఉంటాడు. మెదడు పొరల వాపేమో అనుకున్నాను. అలాంటప్పుడు మెడ ముందుకు వంచి చూడాలని చదువుకున్నాను. బిడ్డ తల వెనక చెయ్యి వేశాను.

"వంచకండి బాబూ," అంది నూకాలు. "ఎనక్కి వాల్చితేనే ఊపిరాడతాది ఆడికి. వంచితే నల్లబడిపోతాడు."

"నోర్మూసుకోయే! డాట్రు బాబుకి నువ్వు సెప్పొచ్చేవా?" అని అత్తగారు కసిరింది.

"డాక్టరు నువ్వా, నేనా?" అన్నాను నేను.

నూకాలు నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను. గడ్డం రొమ్ముకి ఆనేదాకా వంచాను. గురక ఆగింది. పెదాలు నీలమయ్యాయి. వెంటనే వదిలేసి తల వెనక్కి వాల్చాను, వీపు తట్టాను, నోట్లో నోరు పెట్టి ఊదాను. ఏం లాభం లేకపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. తర్వాతెప్పుడో కాదు, బిడ్డ నా చేతుల్లో ఉండగానే. చదువుకునే రోజుల్లో పరీక్షలో గాజు సీసాలో ఉన్న పసిబిడ్డ గుండె చూపించి అడిగితే గడగడా చెప్పాను. గుండె నుంచి లేచిన పెద్ద ధమని వంపు తిరిగి కిందికి దిగుతుంది. పిండంలో ఆ వంపులు రెండు పక్కలా జతలుగా పుడతాయి, చాలావరకు కరిగిపోతాయి, చివరికి ఎడమ వంపు ఒక్కటే నిలవాలి. ఎక్కడో ఒక బిడ్డకి కుడిదీ కరగదు. అప్పుడు రెండూ కలిసి శ్వాసనాళాన్నీ అన్నవాహికనూ చుట్టేసి నొక్కుతాయి. అలాంటి బిడ్డ తల వెనక్కి వాల్చుకునే బతుకుతాడు. ఇదంతా చెప్పి శభాష్ అనిపించుకున్నవాణ్ణి! ఈ బిడ్డకీ అదేనని రుజువు లేదు, ఎవరూ కోసి చూడలేదు. నాకు మాత్రం అనుమానం లేదు.

"ఏటయిపోనాది బాబూ నా మనవడికి?" అంది ముసలమ్మ.

"దారిలో పాలు పట్టారా?" అన్నాను.

"ఏడిత్తంటే బండిలో ఓ గుక్క పట్టేనండి," అంది నూకాలు.

"అదే. పాలు అడ్డం పడ్డాయి."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! ముసలమ్మ కోడలి జుట్టు పట్టుకుంది. "సంపేసేవు గదే నా మనవణ్ణి!" నూకాలు నావైపు చూసింది. నేను చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయాను.

ఆ బిడ్డ ఎలాగూ బతికేవాడు కాదని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఆ రోజుల్లో ఇక్కడ దానికి వైద్యం లేదు, నిజమే. అయితే? తెలియక మెడ వంచడం పొరపాటే అనుకుందాం. తెలిసి, ఊళ్ళో పేరు పోతుందన్న భయంతో, కళ్ళెదుట బిడ్డను పోగొట్టుకున్న తల్లి మీదికి దాన్ని తోసెయ్యడాన్ని ఏమనాలి?

స్వరాజ్యం వచ్చాక ఒక వానాకాలం నూకాలు మళ్ళీ వచ్చింది. ఒక్కతే. చంకలో జ్వరంతో కాలిపోతున్న ఆడపిల్ల, ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తోంది. నేనేమీ అడగకముందే చెప్పింది.

"పాలు పట్టలేదు బాబూ. తెల్లారగట్ల నించీ ఒక్క సుక్క పట్టలేదు."

గదిలో మేమిద్దరమే. నిజం చెప్పడానికి ఇంకేం కావాలి? "పట్టమ్మా, ఏం కాదు" అన్నాను. అంతే అన్నాను. ఆమె గోడవైపు తిరిగి పాలిస్తూ, గుక్కగుక్కకీ ఆపి, పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది. నేను మందు కలుపుతూ కూర్చున్నాను.

నన్ను క్షమించకండి, అది మీ పని కాదు. ఆమె పాలకి ఏ దోషమూ లేదు. ఆ బిడ్డ ఊపిరి ఆపింది నా చెయ్యి. రాశాక హమ్మయ్య అనిపించింది. అనిపించినందుకు సిగ్గుగానూ ఉంది.