మోతీనగర్ నుంచి వచ్చే ఆవిడ

సినిమావాళ్లకు నిజం చెబితే అరగదు. ఈ సంగతి నాకు నాలుగేళ్ల తర్వాత గానీ తలకెక్కలేదు.

ఫిల్మ్‌నగర్‌లో ఒక దర్శకుడి ఆఫీసులో నేను అసిస్టెంట్ రైటర్‌ని. అంటే డైలాగులు నేను రాస్తే తెర మీద పేరు ఇంకొకరిది పడుతుంది. తెలంగాణ యాసలో మాట్లాడే పాత్ర ఏదొచ్చినా నాకే ఇచ్చేవారు. ఆ గదిలో కూర్చునే ఎనిమిది మందిలో హైదరాబాదులో పుట్టి పెరిగింది నేనొక్కదాన్నే మరి. మిగతావాళ్ల దృష్టిలో యాస అంటే ప్రతి మాటకూ ముందు ఒక ‘గ’ తగిలించడం. అది అతికించి, తమ పని అయిపోయినట్టు టీ తెప్పించుకునేవారు.

మా ఇల్లు మోతీనగర్‌లో. మేడ ఎక్కితే జూబ్లీహిల్స్ కొండ, దాని మీద బంగళాల అద్దాలు కనిపిస్తాయి. కనిపించినంత మాత్రాన చేరిపోతామా? ఆటోలో ఎర్రగడ్డ, మెట్రోలో అమీర్‌పేట, అక్కడ రైలు మారి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, దిగి మళ్లీ ఆటో. ఒకరోజు గంట, ఇంకోరోజు గంటన్నర, వాన పడితే దేవుడే దిక్కు. స్కూటీ మీద కూడా పోయి చూశాను. యూసుఫ్‌గూడ దాటేసరికి చీర రంగు మారేది, కృష్ణానగర్ దాటేసరికి నా బుద్ధి మారేది.

మా ఆయనకు బోరబండ స్టేషన్ దగ్గర కరెంటు సామాన్ల దుకాణం. పది నిమిషాలు నడిచి పోతాడు, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తాడు. నా అవస్థ చూసి రోజూ ఒకటే పాట. “గంత దూరం పోయి మందికి రాసిచ్చుడేంది? గీడ్నే ఏదన్న స్కూల్ల చూస్కోరాదు?” అంటాడు. ఒకసారి నా పేరు తెర మీద పడనియ్యి, తర్వాత చూద్దామని నేను. నాకు కావలసింది అదొక్కటే. డబ్బు గురించి కాదు, నా మాటల కింద నా పేరుండాలి.

ఆఫీసులో కథా చర్చలు పది గంటలకు. దర్శకుడు వచ్చేది ఒంటిగంటకు. ఆయన ఇల్లు జూబ్లీహిల్స్‌లోనే, మధ్యలో రెండు సిగ్నళ్లు. కారు దిగి, నల్లకళ్లద్దాలు తీసి, “అబ్బబ్బ, ఏం ట్రాఫికండీ బాబూ!” అని సోఫాలో కూలబడేవాడు. తొమ్మిదింటికి ఇంటి నుంచి బయల్దేరిన నేను ఆయన మీద జాలిపడాలి. పడేవాళ్లు కూడా ఉన్నారు, మంచినీళ్ల గ్లాసు పట్టుకుని పరుగెత్తేవారు.

అంతకంటే పెద్ద తమాషా ఫోను. ఉదయం తొమ్మిది కొట్టగానే ఆఫీసు మేనేజరు వరసగా అందరికీ ఫోను చేసేవాడు. “ఎక్కడున్నారండీ?” అందరిదీ ఒకటే జవాబు: “చెక్‌పోస్ట్ దగ్గరున్నాను సార్.” మంచం మీదున్నవాడూ చెక్‌పోస్టే, స్నానానికి నీళ్లు తోడుకుంటున్నవాడూ చెక్‌పోస్టే. వీళ్లంతా నిజంగా అక్కడుంటే ఆ సిగ్నల్ దగ్గరి పోలీసాయన ఉద్యోగం వదిలేసి పోయేవాడు. మేనేజరు మాత్రం తక్కువ తిన్నాడా? చెక్‌పోస్ట్ అన్నవాడు అప్పుడే చెప్పులు వేసుకుంటున్నట్టు, యూసుఫ్‌గూడ అన్నవాడు పళ్లు తోముకుంటున్నట్టు అతని లెక్క. నేను మోతీనగర్‌లో ఉంటే మోతీనగర్ అనేదాన్ని. ఆ లెక్కలో నేనింకా దుప్పటి ముసుగు తీయలేదన్నమాట. అందరికంటే ముందు వెళ్లి తలుపు తీసి కూర్చునేది నేనే అయినా, “మోతీనగర్ నుంచి వచ్చే ఆవిడ, పాపం చాలా దూరం” అన్న పేరు నాకు అతుక్కుపోయింది.

నాలుగో ఏడు మా పెద్ద రచయిత దర్శకుడితో గొడవపడి వెళ్లిపోయాడు. కొత్త సినిమా కథ మొత్తం ఎర్రగడ్డ మార్కెట్లో పూలమ్మే ఒక తల్లి గురించి. ఆ డైలాగులు ఇద్దరిలో ఒకరికి దక్కుతాయి, నాకో, భీమవరం నుంచి వచ్చి కృష్ణానగర్‌లో గది తీసుకున్న ఒక కుర్ర రచయితకో. అతను మంచివాడే. నన్ను అక్కా అనేవాడు, నా సీన్లు చూసి తన సీన్లు దిద్దుకునేవాడు. ఎర్రగడ్డ ఎటుందో అతనికి తెలియదు. నాకే వస్తుందని నేను ధీమాగా ఉన్నాను.

ఒక శుక్రవారం దర్శకుడు తొమ్మిదింపావుకే ఆఫీసులో ప్రత్యక్షమయ్యాడు. పదిన్నరకు రాహుకాలం మొదలు, ఆలోపే మొదటి పేజీ రాయించమన్నాడట జ్యోతిష్కుడు. మూడేళ్లుగా నానుతున్న కథ రాహుకాలం దగ్గరికొచ్చేసరికి గంటలో తేలాలి! మేనేజరు ఫోను చేశాడు. “మోతీనగర్‌ల ఉన్న సార్, ఆటో ఎక్కిన” అన్నాను. నిజంగానే ఎక్కాను. అతను తన అలవాటు లెక్క వేసుకుని, ఆవిడ ఇంకా నిద్ర లేవలేదని దర్శకుడికి చెప్పేశాడు. కుర్రవాడు పక్క మీద నుంచే చెక్‌పోస్ట్ అన్నాడు, కృష్ణానగర్ దగ్గరే కాబట్టి పావుగంటలో వచ్చేశాడు.

నేను పది ఇరవైకి వెళ్లాను. రాహుకాలానికి ఇంకా పది నిమిషాలుంది. అప్పటికే కొబ్బరికాయ కొట్టేశారు. మూలలకు పసుపు రాసిన కాగితం మీద మొదటి పేజీ ఆ కుర్రవాడి చేత్తో పూర్తయింది.

దర్శకుడు నన్ను పక్కకు పిలిచి మెత్తగా మాట్లాడాడు. “నువ్వు బాగా రాస్తావమ్మా, నాకు తెలుసు. కానీ దూరం. రోజూ రాగలిగితే చెప్పు, ఇద్దరూ కలిసి రాయండి, టైటిల్ కార్డు మీద ఇద్దరి పేర్లూ వేద్దాం. లేదంటే నువ్వు ఇంట్లో కూర్చుని రాసి పంపు, అతను చూసుకుంటాడు. నీకూ ఈ ట్రాఫిక్ బాధ తప్పుతుంది.”

నిజం చెప్పాలంటే నేను ఆలోచించలేదు. ఇంట్లో కూర్చుని రాయడం అన్న మాట చెవిన పడగానే వొళ్లంతా తేలికైపోయింది. ఆటోలు, మెట్లు, నిలబడి పోవడం, ఆ దుమ్ము, అన్నీ ఒక్కసారిగా పోయాయి. “చాలా థాంక్స్ సార్” అన్నాను. మొహం చూపించనివాళ్లకు కార్డు మీద చోటుండదని నాలుగేళ్లు అదే గదిలో కూర్చున్న నాకు తెలియదా? ఎంతమంది పేర్లు అలా పోవడం చూశానో. అయినా పని చూసి నా పేరు వేస్తారులే అనుకున్నాను. సినిమావాళ్లను నమ్మిన వెర్రిదాన్ని నేనొక్కదాన్నేనా ఏం, అని సర్దిచెప్పుకున్నాను.

ఆరు నెలలు వంటింటి పక్క గదిలో కూర్చుని సినిమా మొత్తం రాశాను.

డబ్బింగ్‌కు ఒకరోజు పిలిచారు, యాస చూడాలని. తల్లి వేషం వేసిన నటి మంచి గొంతున్న మనిషి. పూలు వాడిపోయాయని కొనడానికొచ్చిన ఒక గిరాకీ వంకపెట్టే సీను. కుర్రవాడు నేర్పించిన తీరుకు ఆ మాట వరసగా నాలుగుసార్లు చచ్చింది. నేను మైకు దగ్గరికి వెళ్లి చెప్పాను. “పొద్దుగాల్నుంచి ఎండల కూసున్నది నేను. నేనే వాడలే, నా పూలెట్ల వాడ్తయ్?” ఆమె అయిదోసారి అలాగే అంది. లోపల కూర్చున్న సౌండు ఇంజనీరు చప్పట్లు కొట్టాడు.

“ఎంత బాగుందండీ ఈ డైలాగు! ఎవరు రాశారు?” అంది ఆమె.

“మన రైటరే” అని దర్శకుడు కుర్రవాడి భుజం తట్టాడు. “ఈవిడ మోతీనగర్ నుంచి వచ్చారు, యాస చూసిపెట్టడానికి.”

కుర్రవాడు తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు. ఆమె నావైపు తిరిగి, “అవునాండీ?” అంది. మర్యాదకు అడగలేదు, ఏదో అనుమానం వచ్చే అడిగింది. ఒక్క మాట అంటే చాలు. అంటే గొడవవుతుంది, కూర్చోబెడతారు, మాట్లాడతారు, సాయంత్రం అవుతుంది. గోడ గడియారం మూడు నలభై చూపిస్తోంది. నాలుగు లోపల బయటపడితే ఆఫీసులు వదిలే రద్దీ తగలదు.

“అవునండీ” అన్నాను.

చెక్‌పోస్ట్‌లో రైలు ఎక్కగానే సీటు దొరికింది, అమీర్‌పేటలో మారితే అక్కడా దొరికింది. అయిదింటికి ముందే ఇంట్లో ఉన్నాను. ఆ ఆఫీసులో వాళ్లందరి మీదా నాకున్న అసహ్యం ఒక ఎత్తు, ఎర్రగడ్డ దాకా హాయిగా కూర్చుని వచ్చిన నా మీద ఒక ఎత్తు.