పావుతక్కువ తొమ్మిది ఫోను

బంగాళాఖాతాన్ని అరగంట సేపు నోరు మూయించిన మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే. మా తీరంలో వాతావరణ పరిశీలకుడిగా ఉన్న బనమాలి పరిడా. తొమ్మిదో తరగతిలో బడి మానేసి ఆయన గేటుకెదురుగా టీకొట్టు పెట్టుకున్నవాణ్ణి, కళ్ళారా చూశాను.

పదకొండేళ్ళుగా పరిడా బాబు వాతావరణ కేంద్రం రెండు గదుల్లో ఒక్కడే. రోజూ ఎనిమిదిన్నరకు ఎండా గాలీ వానా కొలిచి కంప్యూటర్లో భువనేశ్వర్‌కు పంపాలి. ఆ అంకెలు తప్ప ఆయన్ని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. మొన్నటి వానల తర్వాత కంప్యూటర్ గడియారం వెనకబడడం మొదలుపెట్టింది. ఓ రాత్రి పంతొమ్మిది నిమిషాలు, ఓ రాత్రి ఇరవై ఆరు. దాన్ని సరిచేసే అధికారం భువనేశ్వర్ ఆఫీసుదే. అందుకని రోజూ పావుతక్కువ తొమ్మిదికి అక్కణ్ణించి సుభాషిణి మేడమ్ ఫోను.

"పరిడా బాబూ, ఎనిమిదిన్నర ఎండని ఎనిమిదీ పదకొండుకే ఎలా కొలిచారు? జాతకాలు మొదలెట్టారా?"

"గడియారం వెనకబడింది మేడమ్."

"సరే, సరిచేశాను. ఏం తిన్నారు?"

"చద్దన్నం."

"నంజుకోడానికి?"

"ఎండుచేప."

అంతే మాటలు. వాటికోసం మనిషి రోజూ గడ్డం గీసుకునేవాడు. అరిగిన బ్లేళ్ళన్నీ కరిగిస్తే ఓ పడవకి లంగరు పోయొచ్చు.

కానీ అంకెల్లో తప్పు పోనివ్వడం ఆయన వల్ల కాదు. బ్యాటరీ మార్చాడు, తేడా లేదు. పగలంతా గడియారం బుద్ధిగానే నడిచేది, రాత్రి కరెంటు కట్టేస్తేనే జారిపోయేది. ఆదివారం పెట్టె విప్పాడు. బ్యాటరీ కూర్చునే రేకు ఉప్పుగాలికి పచ్చగా చిలుమెక్కి ఉంది.

"వదిలెయ్ భాయినా," అన్నాను. "చిలుము తీస్తే ఫోనూ పోతుంది. ఇంక నీతో మాట్లాడేదెవరు?"

"నువ్వు మాట్లాడుతూనే ఉన్నావుగా."

"నాకోసం నువ్వు గడ్డం గీసుకోవుగా."

ఆయన పెన్సిల్ రబ్బరుతో రేకు మెరిసేదాకా రుద్దాడు.

సోమవారం అంకెలు సరిగ్గా ఎనిమిదిన్నరకే చేరాయి. ఆయన నున్నగా గీసుకుని, ఫోను బల్లమీద పెట్టుకుని కూర్చున్నాడు. టీ ఇవ్వడానికెళ్ళిన నేనూ ఆ గదిలోనే ఉండిపోయాను. పావుతక్కువ తొమ్మిదయింది. హోరులో ఫోను మోత వినబడదేమోనని లేచి సముద్రం వైపు ఒక్క చూపు చూశాడు. అంతే, తొమ్మిదింపావు దాకా అల కిక్కురుమంటే ఒట్టు. ఫోనూ కిక్కురుమనలేదు.

ఈ సంగతి నా కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాను. నిన్న పరిడా బాబు పక్కనుండగానే చెప్పాను. ఆయన టీగ్లాసు కింద పెట్టాడు.

"సముద్రాన్ని నేనేమీ అనలేదు. కిటికీ వేశాను."