గోడలకు వరసలు కలిపిన మేస్త్రి

రంగుల మేస్త్రికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. గోడ కనిపిస్తే చాలు, దానికి చుట్టరికం కలిపేస్తాడు. మనుషులకు వరసలు కలిపేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. ఈయన ఇటుకలకు కలిపే రకం. తలుపూ కిటికీ తోడికోడళ్ళట. "చూడండి, ఒకదాన్ని మూస్తే రెండోది ఎలా తల బాదుకుంటుందో!" అంటాడు. ఇంటికప్పు ఇల్లరికపుటల్లుడట. "నెత్తినెక్కి కూర్చుంటుంది, నాలుగు చినుకులు పడితే నలుగురిలో పరువు తీస్తుంది." వంటింటి గోడా పడకగది గోడా వియ్యంకులట. బయటికి నవ్వుతూనే ఉంటారు, లోపల చెమ్మ.

ఒకసారి ఒక షావుకారు తన మేడకు ఎర్రరంగు వేయమన్నాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "ముందు ఎదురింటి గోడను అడగాలి బాబూ. పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరు చూసుకోవలసినవాళ్ళు వాళ్ళు. మధ్యలో మనమెవరం?" అని నిచ్చెన భుజాన వేసుకుని నిజంగానే ఎదురింటికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి షావుకారు ఇంకో మేస్త్రిని మాట్లాడుకున్నాడు.

అలా తెలివైనవాళ్ళందరూ వదిలేయగా, చవగ్గా చేస్తాడన్న ఒక్క మంచిపేరుతో మేస్త్రి ఎక్స్‌రే ఆయన ఇంటికి చేరాడు.

ఎక్స్‌రే ఆయన ఆసుపత్రిలో ఎముకల ఫొటోలు తీస్తాడు. రోజంతా ఆయన మాట్లాడేవి మూడే మాటలు: "గాలి పీల్చండి. ఆపండి. వదలండి." రోజుకు అరవైమందికి ఆ మూడు మాటలూ చెప్పి ఇంటికొస్తాడు. ఇంట్లో ఆ మూడూ చెప్పడానికి కూడా ఎవరూ లేరు. భార్య పోయి రెండేళ్ళయింది. తొమ్మిదేళ్ళ కూతురు వేరే ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఉంది. ఒక ఆదివారం సాయంత్రం వీధిలో ఎవరో టైమెంతయిందని అడిగితే ఆయన గొంతు పెగల్లేదు. ముందురోజు ఆఖరి రోగితో "వదలండి" అన్న తర్వాత తాను నోరు తెరవలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ ఇల్లు భార్యా తానూ కలిసి కొన్నది. రెండు గదులూ వంటిల్లూ. పాతదే, చవగ్గా వచ్చింది, మెల్లగా బాగుచేసుకుందాం అనుకున్నారు. ఆ మెల్లగా అన్నది ఆయన ఒక్కడి నెత్తిన పడింది. కూతుర్ని తెచ్చుకుంటానని అడిగినప్పుడు అత్తగారు రెండు మాటలు అన్నది.

"ముందు ఇల్లు ఇల్లులా చేయండి అల్లుడుగారూ. ఆ తర్వాత, మీరు డ్యూటీలో ఉండగా మధ్యాహ్నం పూట పిల్లకు ఒళ్ళు వెచ్చబడితే అది వెళ్ళి తలుపు తట్టడానికి ఎవరున్నారో చెప్పండి. మర్నాడే తీసుకొచ్చి దింపుతాను."

మొదటి మాటకు సుత్తీ మేకులూ చాలు. రెండో మాటకు ఏ కొట్లో సామాను దొరుకుతుందో ఆయనకు తెలియలేదు. అందుకని మొదటిదాని మీదే పడ్డాడు. ఎనిమిది నెలలపాటు సెలవురోజుల్లో నేల పగుళ్ళు పూడ్చాడు, తలుపులకు బందులు మార్చాడు. ఆసుపత్రివాళ్ళు పారేసిన బల్ల ఒకటి మూడు కాళ్ళతో తెచ్చి, నాలుగోది తానే చెక్కి అతికించాడు. మూతపడిన బడి సామాను అమ్ముతుంటే నాలుగు కుర్చీలు కొన్నాడు. ఇంటికొచ్చి చూస్తే ఒకటి ఒకటో తరగతిది, ఒకటి పదోతరగతిది, మిగతా రెండూ మధ్యలో ఎక్కడో తప్పినవి. అయినా వాటిమీద కూర్చునేవాళ్ళెవరు? ఆయన నిలబడే తినేవాడు. గదిలో పని జరుగుతుంటే మంచం పక్కగదిలోకి, అక్కడ మొదలైతే వంటింట్లోకి. తన ఇంట్లో తానే బాడుగకున్నట్టు తిరిగాడు.

వారానికోసారి కూతురు ఫోను చేసేది.

"నాన్నా, ఇల్లు ఎంతదాకా వచ్చింది?"

"తలుపులదాకా."

"నేనెప్పుడు రావాలి?"

"గోడలయ్యాక."

"అయ్యో! గోడలు ఇంకా లేవా నాన్నా?"

గోడలు ఉన్నాయి, రంగే లేదు అని చెప్పబోయేసరికి అవతల అమ్మమ్మ అన్నానికి పిలిచేది.

మేస్త్రి వచ్చిన మొదటిరోజు ఇంటినంతా చుట్టి చూశాడు. గోడల మీద చెయ్యేసి, వాటి ఒంట్లో ఎలా ఉందో కనుక్కున్నాడు.

"ఇంట్లో ఎవరెవరుంటారు బాబూ?"

ఎక్స్‌రే ఆయన ఎప్పుడూ ఎవరికీ ఏదీ చెప్పనివాడు, గోడ గీకుతున్న మనిషి వీపు చూస్తూ ఎందుకో మొత్తం చెప్పేశాడు. కూతురి సంగతి, అత్తగారి రెండు మాటలూ. మేస్త్రి గీకడం ఆపకుండానే అడిగాడు.

"రంగేమిటి?"

"తెలుపు. ఒక్క పూత. అంతకన్నా నావల్ల కాదు."

"తెలుపా!" మేస్త్రి గీకుడురేకు కింద పెట్టేశాడు. "తెల్లగోడకు నా అన్నవాళ్ళుండరు బాబూ. దిక్కులేని గోడ. ఏ ఇంటికీ వరస కలవదు."

"మరి రంగుకు డబ్బు..."

"నాలుగిళ్ళలో పని చేసేవాణ్ణి. మిగిలిన డబ్బాలుంటాయి. మీరు తెలుపు తెచ్చి పడేయండి, తతిమ్మాది చుట్టాలు చూసుకుంటారు."

మూడురోజులు గోడల గుంతలకు లప్పం పెట్టి సాపు చేసి, నాలుగోరోజు వంటింటికి పసుపు వేశాడు. కోడిపిల్ల పసుపు. పొయ్యి వెలిగించకపోయినా వెచ్చగా ఉన్నట్టుంది.

"ఇది వీధి మలుపులో దర్జీ అమ్మగారి వంటింట్లో మిగిలిన పసుపు. అంటే మీ వంటిల్లు ఆవిడ వంటింటికి సొంత చెల్లెలు."

ఎక్స్‌రే ఆయన తల ఊపాడు. పిచ్చివాళ్ళతో వాదించకూడదని ఆసుపత్రిలో నేర్చుకున్నాడు. కానీ ఆ సాయంత్రం తలుపు చప్పుడైంది. మెడలో టేపు, జాకెట్టుకు గుచ్చిన సూదులతో దర్జీ అమ్మగారు నిలబడి ఉంది.

"మా పసుపేదో మీ ఇంట్లో వేశాట్టగా మేస్త్రి? తేడా వస్తే నాకు చెడ్డపేరు. చూసి పోదామని వచ్చాను."

"చూడండి," అన్నాడాయన. ఆపైన "కూర్చోండి," అన్నాడు. ఆవిడ నాలుగు కుర్చీలనూ చూసి, రంగు డబ్బా బోర్లించుకుని దానిమీద కూర్చుంది. గోడను అటునుంచీ ఇటునుంచీ చూసింది. కిటికీని ఎక్కువసేపు చూసింది.

"చెల్లెలు ఇంటికి తెరలు లేవేం?"

"కొనాలండీ..."

"కొనడమెందుకు? నా దగ్గర ముక్కలు పడున్నాయి."

రెండురోజుల తర్వాత పదకొండు రకాల గుడ్డముక్కలు కలిపి కుట్టిన తెర వచ్చింది. దానితోపాటే ఆవిడ కూడా మళ్ళీ వచ్చింది, కొలత సరిపోయిందో లేదోనని. సరిపోయింది. అయినా మూడోసారి కూడా వచ్చి చూసింది.

ముందుగదికి నీలం పడింది. అది రిటైరైన డ్రిల్లు మాస్టారి ముందుగదిలో మిగిలిన నీలమట. "మాస్టారి గది అన్న, మీది తమ్ముడు." మర్నాడు పొద్దున ఏడింటికి వీధిలో విజిల్ వినిపించింది. మాస్టారు లోపలికి కవాతు చేస్తూ వచ్చి, గోడ ముందు నిటారుగా నిలబడి, నలుమూలలా తనిఖీ చేశారు.

"పర్వాలేదు. కానీ నీలం వెలిసిపోయే జాతి. రోజూ చూస్తుండాలి."

"రోజూనా మాస్టారూ?"

"ఆదివారాలు కూడా!"

అన్నట్టే రోజూ వచ్చేవారు. వచ్చినప్పుడల్లా ఒకటో తరగతి కుర్చీలోనే కూర్చునేవారు. మోకాళ్ళు చెవుల్ని తాకేవి. "పెద్ద కుర్చీ తీసుకోండి మాస్టారూ" అంటే, "అది పదో తరగతి. నేను అందులో తప్పాను" అనేవారు. ఎక్స్‌రే ఆయన నవ్వాడు. నవ్విన చప్పుడు ఖాళీ గదిలో గట్టిగా వినబడితే ఎవరు నవ్వారా అని తానే అటూ ఇటూ చూసుకున్నాడు.

కానీ వాళ్ళు వెళ్ళిపోయాక ఇల్లు మునుపటికన్నా ఖాళీగా అనిపించేది. ఇదివరకు ఏ చప్పుడూ లేదు, అలవాటైపోయింది. ఇప్పుడు మాస్టారి విజిల్ ఆగిన తర్వాత మిగిలేది ఇంకో రకం నిశ్శబ్దం. ఆయన పసుపుగోడ ఎదురుగా నిలబడి అన్నం తింటూ, అత్తగారి రెండో మాటకు జవాబు వెతుక్కునేవాడు. రంగు చూడ్డానికి వచ్చేవాళ్ళు రంగు పాతబడితే రారు కదా.

అత్తగారు చెప్పాపెట్టకుండా ఒక ఆదివారం పొద్దున పిల్లతో సహా దిగింది. పిల్ల నాన్న నడుం పట్టుకుని వదల్లేదు. అత్తగారు మాత్రం గోడలు వేళ్ళతో తట్టింది, కుళాయిలు తిప్పింది, నాలుగు కుర్చీల్లోనూ కూర్చుని లేచింది.

"ఇల్లు ఇల్లులాగే ఉంది. మరి నా రెండో మాట?"

ఎక్స్‌రే ఆయన గాలి పీల్చాడు. ఆపాడు. వదలడం చేతకాలేదు.

అంతలో విజిల్ వేసుకుంటూ మాస్టారు వచ్చారు. వెనకే ఇంకో తెరతో దర్జీ అమ్మగారు.

"తమరెవరు?" అంది అత్తగారు.

"ఈ నీలం మాది. మా ముందుగదికి ఈ గది తమ్ముడు," అన్నారు మాస్టారు.

"వంటింట్లో పసుపు మాదమ్మా," అంది దర్జీ అమ్మగారు.

"మీ ఇంట్లోదా? అయితే పదండి, చూద్దాం!"

అత్తగారికి మాట అంటే నడకే. ఆమె వెనక మాస్టారు, ఆ వెనక దర్జీ అమ్మగారు, పిల్ల, చెప్పులు తిరగేసి తొడుక్కున్న ఎక్స్‌రే ఆయన. దర్జీ అమ్మగారి వంటిల్లు నిలువునా పొగచూరి ఉంది. పసుపన్నది అక్కడ పోపులపెట్టెలో తప్ప ఎక్కడా లేదు. మాస్టారి ముందుగది సంగతి చెప్పనే అక్కర్లేదు. గోడలకు సిమెంటు కూడా లేదు, ఇటుకలు పళ్ళికిలిస్తున్నాయి.

"అల్లుడుగారూ, ఇవేం చుట్టరికాలు?"

తనను అబద్ధాలకోరనుకుని అత్తగారు పిల్లను తీసుకుని మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోతుందని ఎక్స్‌రే ఆయన అనుకున్నాడు. "నాకు తెలియదండీ. మేస్త్రి చెప్పాడు, నేను నమ్మాను."

"ఆయన్నేమీ అనకండమ్మా," అంది దర్జీ అమ్మగారు. "మేస్త్రి నా దగ్గరికీ వచ్చి, 'మీ పసుపు అక్కడ వేశాను, చూసి రండి' అన్నాడు. నా వంటింటి రంగు నాకు తెలియదూ? తెలుసు. కానీ పొద్దస్తమానం మిషను చప్పుడు తప్ప మనిషి గొంతు వినపడని కొంప నాది. సాకు దొరికింది, వెళ్ళాను."

"నాకూ రెండోరోజుకే తెలుసు," అన్నారు మాస్టారు.

"మరి మొదటిరోజు?"

"మొదటిరోజు కళ్ళజోడు పెట్టుకోలేదు."

అత్తగారు అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. ఎదురుగా ఉన్న ముక్కాలిపీట మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంది.

"పోయిన నెల మూడురోజులు నడుం పట్టేసి మంచం దిగలేదు నేను. నా వీధిలో మా మరుదులున్నారు, ఆడపడుచులున్నారు, వేలు విడిచిన మేనమామ కొడుకులున్నారు. ఒక్కరు తొంగిచూస్తే ఒట్టు. ఈ పసిదే కాఫీ కాచి ఇచ్చింది." పిల్ల జడ సవరించింది. "నిజం చుట్టాలకన్నా మీ అబద్ధం చుట్టాలే నయం. అల్లుడుగారూ, దీని పుస్తకాలు వచ్చేవారం పంపిస్తాను."

ఆయన మేస్త్రిని వెతుక్కుంటూ ఇంటికి పరిగెత్తాడు. మిగతావాళ్ళందరూ వెనకాలే వచ్చారు. మేస్త్రి వెనక గోడకు నిచ్చెన వేసుకుని ఆకుపచ్చ పూస్తున్నాడు.

"మేస్త్రీ! ఈ రంగులన్నీ ఎక్కడివి?"

మేస్త్రి కిందికి చూశాడు. అందర్నీ ఒకచోట చూసేసరికి దొరికిపోయానని అర్థమైంది.

"మీ తెలుపే బాబూ. దాంట్లో గొట్టాల్లో అమ్మే చిక్కటి రంగు నాలుగు చుక్కలు కలిపితే ఏ రంగైనా వస్తుంది."

"మరి వీళ్ళ ఇళ్ళ పేర్లే ఎందుకు చెప్పారు?"

"మీరు అత్తగారి మాట చెప్పారు చూడండి, ఆ మధ్యాహ్నమే వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిరిగొచ్చాను. పగలంతా తీసి ఉండే తలుపులు రెండే కనిపించాయి. ఒకటి అమ్మగారిది, ఒకటి మాస్టారిది. ఒంట్లో బాగాలేని పిల్ల తట్టాలంటే తెరిచే తలుపు ఉండాలి కదా బాబూ! రంగుదేముంది, ఏదైనా ఒకటే."

పిల్ల నిచ్చెన దగ్గరికి వెళ్ళి తలెత్తి అడిగింది.

"దర్జీ అమ్మగారు వంటింటి తరఫు, మాస్టారు ముందుగది తరఫు. నువ్వు నాకేమవుతావు?"

ఊళ్ళో గోడలన్నిటికీ వరసలు తెలిసిన మనిషి తడబడ్డాడు. కుంచె చెవి మీద పెట్టుకున్నాడు, తీశాడు. చెవి ఆకుపచ్చనైంది. "నేనా... నాకేం వరసుంటుందమ్మా, రంగులవాణ్ణి..."

"పెదనాన్న," అన్నాడు ఎక్స్‌రే ఆయన. మాట గట్టిగానే వచ్చింది. "మీ పెదనాన్న అవుతారు. మా అన్నయ్య."

మేస్త్రి నిచ్చెన మీద ఒక మెట్టు జారి, పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"ఎంత పని చేశావు తమ్ముడూ! ఇక నీ దగ్గర కూలి ఎలా పుచ్చుకునేది?"

"కూలి సంగతి అన్నదమ్ములు తర్వాత తేల్చుకుందురు గాని," అంది అత్తగారు, చీరకొంగు నడుముకు చెక్కుకుంటూ. "ముందు కాళ్ళు కడుక్కుని లోపలికి రండి. ఎంతమందికి వండాలో ఎవరైనా లెక్క చెబితే పొయ్యి వెలిగిస్తాను."