గంప ఎత్తిన ముసలిపులి

ఆ రోజుల్లో మనిషి ముఖమైనా చూడకుండా వరస కలిపేసుకునేవాళ్లం. ఇప్పుడు నా ఫోన్లో వందలమంది ఉన్నారు. నిన్న ఎవరేం తిన్నారో ఫొటోతో సహా తెలుసు. అయినా దారిలో ఎదురైతే వాళ్లను ఏమని పిలవాలో తోచదు. అలా తటపటాయించినప్పుడల్లా మా ఇంటి మొదటి కంప్యూటరూ, దానివల్ల మాకు దొరికిన మేనమామా గుర్తుకొస్తారు.

మార్కాపురంలో మా నాయనది పలకల వ్యాపారం. లెక్కలు సులువవుతాయని ఎవరో చెబితే కంప్యూటర్ కొన్నాడు. దుకాణంలో రాతిదుమ్ముకు అది పాడైపోతుందని ఇంకెవరో చెబితే ఇంటికి పంపించాడు. (రెండు సలహాలూ ఇచ్చింది ఒక్కడేనని తర్వాత తెలిసింది.) డిగ్రీ అయిపోయి, సంబంధాలు చూస్తుంటే ఇంట్లో కూర్చోవడం తప్ప వేరే పనిలేని నాకు అది తోడైంది. ఇంటర్నెట్ పెడితే ఇంటి ఫోన్ పనిచేయదు. భోజనానికి వచ్చిన నాయన చెయ్యి కడుక్కోకముందే అందుకునేవాడు. "గిద్దలూరోళ్లు పొద్దున్నుంచి ఫోన్ చేస్తా ఉన్నారంట, ఎప్పుడు చూసినా ఎంగేజే. ఏంది పాపా ఇది, వ్యాపారం చేసుకోమంటావా, మూసుకోమంటావా?"

ఒకరోజు కంప్యూటర్‌లో పాటలు వినపడటం మానేశాయి. బాగుచేసేవాడు ఒంగోలు నుంచి రావాలి. అప్పట్లో తెలుగువాళ్ల ఫోరం ఒకటి ఉండేది. ఒకరు ప్రశ్న రాస్తే దాని కింద ఊరూరి నుంచీ జవాబులు రాసేవారు. అక్కడ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి నా గోడు వెళ్లబోసుకున్నాను. కాసేపటికి 'ముసలిపులి' అన్న పేరుతో జవాబొచ్చింది. ఫొటో ఉండాల్సిన చోట కునుకు తీస్తున్న పులి బొమ్మ. "కంగారుపడకమ్మా. ఒకసారి ఆపేసి మళ్లీ పెట్టు. పెద్దల మాట చద్దిమూట." ఆపి పెట్టాను. పాట మోగింది.

వెనకాల చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అమ్మ మురిసిపోయింది. "ఎవరు పాపా ఆయన?"

"తెలీదు. ముసలిపులంట."

"తప్పు. అంత పెద్దాయన్ను పట్టుకొని పులీ పిల్లీ అంటారా? మామా అను."

మా వైపు అంతే. బస్సులో పక్కన కూర్చున్న మనిషి దిగేలోపల అన్నో, మామో, అత్తో అయిపోవలసిందే. "చాలా థాంక్స్ మామా" అని కొట్టాను. ఆయన నాకు మామైతే తనకు అన్నేగదా అని అమ్మ అక్కడే తేల్చేసింది.

అమ్మకు తోడబుట్టినవాళ్లు లేరు. అర్ధవీడు దగ్గర పల్లె తన పుట్టిల్లు. అమ్మమ్మా తాతా పోయాక ఆ ఇంటికి తాళం పడింది. మా పెద్దమ్మ (నాయనకు వదిన) తన తమ్ముళ్లు చీర పెట్టి వెళ్లినప్పుడల్లా మడత విప్పి మాకు చూపించి, మళ్లీ నిదానంగా మడిచేది. "బాగుందక్కా" అనేది అమ్మ. అంతకుమించి ఏమీ అనేది కాదు గానీ, ఆ పూట మా ఇంట్లో కూరకు ఉప్పు ఉండేది కాదు.

అలాంటి అమ్మకు అన్న దొరికాడు. ఇక ఆగుతుందా! తను చెప్పడం, నేను కొట్టడం. "మోకాళ్లు ఎట్ల ఉండాయో అడుగు. వాము కషాయం తాగమను." ఆయనా తక్కువవాడు కాదు. "నీ దయవల్ల దివ్యంగా ఉన్నాయి చెల్లెమ్మా" అని రాసేవాడు. శబ్దం రావడం లేదని నేను మొదలుపెట్టిన ఆ ప్రశ్న కింద మా ఇంటి ఆవకాయ, నాయన గ్యాస్ నొప్పి, నాకొచ్చే సంబంధాలు అన్నీ చేరాయి. ఫోరం నిర్వాహకుడు విసిగిపోయి, "ఇది కంప్యూటర్ సమస్యల విభాగం. దయచేసి మోకాళ్ల గురించి చర్చించవద్దు" అని హెచ్చరిక పెట్టాడు. చదివి వినిపిస్తే అమ్మ జాలిపడింది. "పాపం, ఆకలి మీదున్నట్టుండాడు. తిన్నాడో లేదో కనుక్కో."

ఇంతలో నా పెళ్లి కుదిరింది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి ఎత్తుకురావాలి. పెద్దమ్మ ముందే అభయమిచ్చింది. "గంపకు మా తమ్ముడు ఉండాడులే, నువ్వేం దిగులుపడబాక."

"పాపకు మామ ఉండాడక్కా" అంది అమ్మ.

"ఎవరూ? ఆ పెట్టెలోంచి దిగొస్తాడా?"

అందరూ నవ్వారు. అమ్మ నన్ను తీసుకెళ్లి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. "రాయి. అన్నా, బిడ్డ పెళ్లి. గంప నువ్వే ఎత్తాల. నాకు ఇంకెవరూ లేరు." చివరి మాట దగ్గర నా వేళ్లు ఆగాయి. "అది కూడా కొట్టు" అంది. ఊరూ, ముహూర్తం చేర్చి ఆయనకు విడిగా పంపాను.

జవాబు రాలేదు. శుభలేఖలు పంచడం అయిపోయింది, పందిరి పడింది, అయినా రాలేదు. అమ్మ వస్తూపోతూ "చూడు పాపా" అనేది. ఫోన్ ఎంతసేపు ఎంగేజైనా నాయన ఈసారి పల్లెత్తు మాట అనలేదు. నాకు ఆ ముసలాయన మీద పట్టరాని కోపం వచ్చింది.

పెళ్లిరోజు గౌరీపూజ అయింది. పెద్దమ్మ తమ్ముడు పంచె బిగించి గంప పక్కన నిలబడ్డాడు. అప్పుడొచ్చాడు, భుజాన సంచీతో, చెమటలు కక్కుతూ, మీసాలు సరిగా రాని ఒక పిల్లాడు. "మార్కాపురం రోడ్డు స్టేషన్లో ఆటో దొరకలేదండీ" అని, "నేను... ముసలిపులిని" అన్నాడు. నంద్యాలలో ఇంజనీరింగ్ చదువుతున్నాడట. నాకంటే చిన్నవాడు. "నా వయసు తెలిస్తే వద్దంటారని జవాబు రాయలేదమ్మా. రాకుండానూ ఉండలేకపోయినా."

ముందు పెద్దమ్మ నవ్వింది. తర్వాత పందిరంతా నవ్వింది. నాకు అమ్మ ముఖం చూడాలంటే భయమేసింది. అమ్మ మాత్రం వాణ్ణి కిందినుంచి పైదాకా చూసి, "చెల్లెల్ని పట్టుకొని అమ్మా అంటావేంది? ఇంత ఆలస్యమా అన్నా! గంపకాడ అందరూ నీకోసరమే కాచుకోనుండారు" అంది.

నవ్వులు ఆగిపోయాయి. వాడు సంచీలోంచి ఒక చీర తీసి అమ్మ చేతిలో పెట్టాడు. హాస్టలు కుర్రాళ్లంతా కలిసి ఎంచారట, కళ్లు జిగేల్మనే చిలకపచ్చ. పురోహితుడు ముహూర్తం మించిపోతోందని మొత్తుకుంటున్నా వినకుండా అమ్మ లోపలికి వెళ్లి, కట్టుకున్న పట్టుచీర విప్పేసి ఆ చిలకపచ్చ చుట్టుకొని వచ్చింది.

ఇక గంప. (నేనప్పుడు బొద్దుగానే ఉండేదాన్ని, దాచడమెందుకు.) పెదనాన్న కొడుకులు అడుగున చేతులు వేశారు, ముందువైపు మామ. గంప జానెడు లేచి, మళ్లీ కిందికొచ్చింది. "పడేస్తావా మామా?" అన్నాను పళ్లబిగువున. వాడు వగరుస్తూ, "కంగారుపడకమ్మా, ఒకసారి దించి మళ్లీ ఎత్తుదాం" అన్నాడు. గంపలో కూర్చుని అంత నవ్విన పెళ్లికూతురు మా వంశంలో లేదట. రెండోసారి లేచింది. మండపందాకా ఆ పిల్లాడు మళ్లీ దించకుండా నన్ను మోసుకెళ్లాడు. పక్కన నడుస్తున్న అమ్మ కళ్లు తుడుచుకుంటూ, ఆ కొత్త చీర కొంగునే తడిపేసింది.

ఆ ఫోరం ఎప్పుడో మూతపడింది. మామ ఇప్పటికీ ఏటా చీర పట్టుకుని వస్తాడు. తల నెరిసిన నేను రైల్వేస్టేషన్లో "మామా!" అని కేకేస్తే, పలికిన మనిషిని చూసి జనం తికమకపడతారు. చూస్తే చూడనీ అనుకుంటాను గానీ, నాకూ నవ్వొస్తుంది. ఆనాటి పెళ్లిభోజనం గుర్తొస్తుంది. అమ్మ వాడి పక్కన కూర్చుని, వద్దన్నా వినకుండా ఆకులో నెయ్యి వేస్తోంది. వేస్తూ వేస్తూ చెయ్యి ఆపి, చుట్టూ ఎవరూ వినడంలేదుగదా అని చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అన్నా, ఇంతకీ నీ పేరేంది?"