చేపల జీపుకి స్టీలు బోల్టులు

మా గాజువాక ఆటోనగర్‌లో ఇప్పుడు కార్లు ఎక్కడానికి తగిలించే అల్యూమినియం మెట్లన్నీ స్టీలు బోల్టులతోనే బిగిస్తున్నారు. ఏడాది తిరక్కుండా బోల్టు చుట్టూ తెల్లటి పొడి పొంగుతుంది, మెట్టు లొడలొడలాడుతుంది. అడిగితే "సముద్రపు గాలండీ" అంటారు. సముద్రం మీదకి తోసేస్తే సరిపోయిందా? నాకు ఒళ్లు మండిపోతుంది. ముప్పై ఏళ్ల కిందట ఇదే తప్పు నేనూ చేశాను. వద్దన్న మనిషి నోరు మూయించి మరీ చేశాను.

గోదావరి జిల్లా నుంచి పనికోసం వచ్చి గాజువాక దగ్గర షెడ్డు పెట్టినప్పుడు నాతో ఒక భాగస్వామి ఉండేవాడు. తగరపువలస వాడు. అంతకు ముందు హార్బరులో పడవలు బాగుచేసేవాడు. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనేవాడు. నేను బడికి వెళ్లింది తక్కువే. ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంజనీరింగు పుస్తకాలు, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివేవాణ్ణి. ఆ పొగరు దండిగా ఉండేది. వాడికి చదవడం రాదు.

ఒకసారి చేపల వ్యాపారి జీపు వచ్చింది. ఐసు పెట్టెల్లోంచి ఉప్పునీళ్లు కారుతూనే ఉండేవి. వెనక ఎక్కే చోట అల్యూమినియం మెట్టు వేయాలి. ఇనప బోల్టులు తుప్పు పడతాయి కదా అని నేను స్టీలువి తెచ్చాను.

"ఇవి ఎయ్యకు బావా. దీనికేటీ అవదు, పక్కదాన్ని తినేస్తాది. ఏత్తే మాత్రం మద్దిన సైకిలు ట్యూబు ముక్క ఎట్టు, గ్రీసు రాయి."

"ఏ పుస్తకంలో ఉందిరా?"

"పుస్తకమేటి, పడవల్లో సూసినాను. రాగి రేకుని ఆనుకున్న ఇనప మేకు పుల్లైపోద్ది."

వ్యాపారి వింటుండగా నేను నవ్వాను. "ఇది పడవ కాదు, జీపు. చదువు రానివాడివి, ఊరుకో."

వాడు చేతులు తుడుచుకున్నాడు. ఆ నూనె గుడ్డని ఉతికిన బట్టలా మడిచి బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు.

రెండో వానాకాలం వెళ్లేసరికి ఆ జీపు మళ్లీ షెడ్డుకి వచ్చింది, పట్టుకుంటే మెట్టు నా చేతిలోకే ఊడొచ్చింది. బోల్టులు మాత్రం తళతళలాడుతున్నాయి. అప్పుడు మళ్లీ పుస్తకం తీశాను. రెండు రకాల లోహాలు ఆనుకుని ఉండి మధ్యలో ఉప్పు తడి చేరితే బ్యాటరీలో లాగే కరెంటు పారుతుందట, రెంటిలో ఒకటి కరిగిపోతుందట. స్టీలుకి తుప్పు పట్టదని నేను చదివిన పేజీ తరువాత పేజీలోనే ఉంది. ఆ రోజు పేజీ తిప్పలేదు.

ఆ తరువాత ప్రతి బోల్టు కిందా ట్యూబు ముక్క పెట్టాను. ఎవరి తెలివని అడిగితే నాదేనన్నాను కూడా. కానీ టీ తాగుతూ వాడు బూతులు కలిపి చెప్పే కబుర్లు నాకు మరెక్కడా దొరకలేదు. ఎవరైనా "బావా" అని పిలిస్తే ఇప్పటికీ తల తిప్పుతాను.

మొన్న బస్సెక్కి తగరపువలస వెళ్లాను. వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. పళ్లన్నీ ఊడిపోయాయి. చూడగానే గుర్తుపట్టాడు.

"నువ్వు చెప్పిందే నిజంరా. రెండు లోహాల మధ్య కరెంటు..." అని, దారిపొడుగునా వల్లించుకున్నది మొదలుపెట్టాను.

"ఆ కరెంటు గొడవ నాకెందుకు బావా? నాను బోల్టుల కోసం మానేసినానా? వారం రోజులు కేరేజీ కట్టించుకుని మా ఊరి బస్టాపులో కూకున్నాను, నువ్వొచ్చి 'పదరా' అంటావని."

ఆ వారమంతా నేను షెడ్డు తెరిచి, వాడు కూర్చునే డ్రమ్ము తుడిచి, వాడు వచ్చే దారి చూశాను. ఆ మాటే చెప్పాను.

"అయితే ఇద్దరం ఎదవలమే," అని బోసినోటితో పడీపడీ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. లేచేటప్పుడు "రేపు రా బావా" అన్నాడు. ఎన్నింటికి రమ్మంటావో చెప్పమని రెండుసార్లు అడిగాను.