రాణి మోకాలు, నేను రాసిన చీటీ

1997 వేసవిలో నన్ను కంకిపాడు అవతల ఒక గ్రామ పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. పేరులో అసిస్టెంట్ అని ఉన్నా అక్కడ డాక్టరు నేనొక్కణ్నే. నా కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు. పనంతా గేదెలదే: కృత్రిమ గర్భధారణ, కష్టమైన ఈతలు, గాలికుంటు టీకాలు. నెలాఖరున పైకి పంపే నివేదికలో వీటన్నిటికీ గళ్లు ఉండేవి. కుక్కలకున్నది పిచ్చి రాకుండా వేసే టీకా గడి ఒక్కటే. దాని కాలు విరిగినా, కీలు తప్పినా "ఇతరములు" అని రాయాల్సిందే. ఆ మాట రాసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

అప్పటికే ఆ చుట్టుపక్కల వరిచేలు చేపల చెరువులుగా మారుతున్నాయి. చేపపిల్లలు వదిలిన చెరువు మీదికి నీటికాకులు గుంపులుగా దిగుతాయి. వాటిని తోలడానికి సత్యనారాయణగారనే ఆసామి తన చెరువుల మీద ఒక కుటుంబాన్ని కాపలా పెట్టాడు. కొల్లేటి లంకల నుంచి వచ్చిన ఏడుకొండలు, అతని భార్య నాంచారమ్మ. వాళ్లతో పాటు రాణి అనే ఊరకుక్క. నీటికాకి నీడ పడితే చాలు, గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోయేది. ఒకరోజు అలా పరిగెడుతూ ఎలుక బొరియలో కాలు వేసి మెలితిప్పుకుంది.

ఏడుకొండలు దాన్ని తెచ్చిన పూట నా ముందు గేదెలు బారులు తీరి ఉన్నాయి. రాణి కుడి వెనక కాలు నేలకు ఆనీ ఆనకుండా నిలబడింది. మోకాలు వాచి ఉంది. పైపైన నొక్కి చూసి బెణుకనుకున్నాను. మా వైపు సూది పొడవని డాక్టరు డాక్టరే కాదు. నొప్పీ వాపూ తగ్గే ఇంజెక్షన్ చేయించి, మరో రెండు రోజులకు అదే మందు చీటీ మీద రాసిచ్చి, దాన్ని పరిగెత్తనివ్వద్దని చెప్పి పంపేశాను.

ఐదు వారాల తర్వాత నాంచారమ్మ ఒక్కతే వచ్చింది. చేపల ట్రేలో పడుకోబెట్టుకుని రిక్షాలో తెచ్చింది రాణిని.

"మందెట్టి చంపించెయ్యమన్నారండి ఆసామిగారు. నేను మాత్రం కాలు చూపిద్దామనే తెచ్చానండి," అంది.

ఈసారి సక్రమంగా పరీక్ష చేశాను. కుక్కను పక్కకు పడుకోబెట్టి, ఒక చేత్తో తొడ ఎముకను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో మోకాలి కింది ఎముకను ముందుకు నెట్టాలి. ఆ రెండు ఎముకల్నీ కట్టి ఉంచే లిగమెంట్ బాగుంటే ఎముక కదలదు. తెగితే బల్ల సొరుగులా ముందుకు జారుతుంది. రాణిది జారింది. లోపల మెత్తలా ఉండే మృదులాస్థి కూడా నలిగినట్టుంది, కాలు ముడిచినప్పుడల్లా టక్కుమంటోంది. తొడ కండ ఎండిపోయింది.

ఇన్నాళ్లూ ఏం చేశారని అడిగితే చెప్పింది. కుంటినప్పుడల్లా ఊళ్లో మందుల షాపాయన చేత సూది వేయించేవారట. నాలుగు రోజులు లేడిలా పరిగెత్తేదట. మళ్లీ కుంటేదట, మళ్లీ సూది. నాకు చిర్రెత్తుకొచ్చింది. నొప్పి ఉన్నన్నాళ్లూ కుక్క ఆ కాలు వాడదు, దానికి అదే రక్ష. ఆ నొప్పిని చంపి, సగం తెగిన లిగమెంట్‌తో దాన్ని గట్టు మీదికి తోలారన్నమాట! ఉన్నపళంగా స్కూటరెక్కి షాపుకు వెళ్లాను. పదిమంది ఎదుట షాపాయన్ని చెడామడా తిట్టాను. నీకేం చదువుందని సూది పట్టుకున్నావన్నాను, కేసు పెట్టిస్తానన్నాను.

ఆయన ప్లాస్టిక్ కవరులో భద్రంగా మడిచిన కాగితం ఒకటి తీసి కౌంటరు మీద పెట్టాడు. నా చీటీ. "కోప్పడకండి డాక్టరుగారూ. మీరు రాసిందే పొడిచానండి. ఆ సంతకం మీదేగా?" అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. రెండు రోజులకని రాశానే గానీ, ఆ తర్వాత వాడకూడదని రాయలేదు. తిరిగొస్తుంటే దారి పొడుగునా కోపం తగ్గలేదు. ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు.

మర్నాడు నాంచారమ్మను వెంటబెట్టుకుని ఆసామి తనే వచ్చాడు. పరిగెత్తని కుక్క తనకెందుకని, చంపడానికి నాకు అభ్యంతరమేమిటని నిలదీశాడు. నయమయ్యే ప్రాణిని చంపనన్నాను. మా దగ్గర ఆపరేషన్ సౌకర్యం లేదు గానీ, బక్క కుక్క కాబట్టి పది వారాలు పరుగు మాన్పిస్తే కండ గట్టిపడి కీలు నిలుస్తుందన్నాను. ఆయన నవ్వాడు.

"మహరాణీలా కూర్చోబెట్టి మేపమంటారు! మరి పిట్టల్ని ఎవరు తోలతారండీ, మీరొస్తారా?"

 నాంచారమ్మే అందుకుంది. "నేను తోలతానండి. నెప్పి తెలీకుండా చేసి దాన్ని పరిగెత్తించింది మనమే కదండీ."

అన్నట్టే చేసింది. రాణిని పాక గుంజకు కట్టేసి, తను రేకు డబ్బా వాయించుకుంటూ పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా గట్ల మీద తిరిగింది. నేను చెప్పినట్టు రోజూ రెండుసార్లు తాడు పట్టుకుని పంటకాలువలో మోకాలి లోతు నీళ్లలో దాన్ని నెమ్మదిగా నడిపించింది. వారం వారం వెళ్లి చూసేవాణ్ని. కుక్క తొడ నిండుతూ వచ్చింది, ఆవిడ పాదాలు పగిలి నెత్తురు కారుతూ వచ్చాయి. వాటికి మందివ్వబోతే, "ముందు దాన్ని చూడండి" అని కసిరేది. పదకొండో వారంలో రాణి మళ్లీ గట్టెక్కింది. చలికి కాలు కాస్త ఈడ్చేది గానీ పనికి లోటు రానివ్వలేదు. ఆసామి దాన్ని ఉంచుకున్నాడు. ఆవిడతో ఒక్క మంచి మాట కూడా అన్నట్టు నేను వినలేదు.

2004లో విజయవాడ బదిలీ అయ్యాక బెంజ్ సర్కిల్ వైపు నుంచి కార్లలో లాబ్రడార్లను తెచ్చేవారు. వాళ్లూ కూర్చోకముందే సూది అడిగేవారు. ముందు మోకాలు పరీక్ష చేసేవాణ్ని, ఆ ఎముక జారడం వాళ్ల చేతికి తగిలేలా చూపించేవాణ్ని. తప్పదనుకుంటేనే మందు రాసి, కింద "మళ్లీ వాడరాదు" అని రాసి గీత గీసేవాణ్ని. కుంటు ఆగడం వేరు, కాలు బాగవడం వేరు. నేను నేర్చుకున్నది ఇంతే.

ఆ మోకాలి పరీక్షకు పట్టేది అర నిమిషం. మొదటి రోజు నేను ఆ అర నిమిషాన్ని మిగుల్చుకున్నాను. నాంచారమ్మ పది వారాలు నడిచింది.